స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టం: తల్లిదండ్రులు పట్టుకోవాల్సింది ఎక్కడ?

సోమవారం ఉదయం ఏ జిల్లా కలెక్టరేట్‌కి వెళ్లినా అర్జీల క్యూలో ఇలాంటి తల్లి ఒకరు కనిపిస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ జిరాక్సు, ఆధార్, రెండు ఫొటోలు. పక్కన పదేళ్ల పిల్లాడు, ఆ హాల్లో గోలకి చెవులు మూసుకుని. బడిలో పేరైతే రాసుకున్నారు గానీ మధ్యాహ్నం అన్నం తినగానే ఇంటికి పంపేస్తున్నారన్నది ఆమె ఫిర్యాదు. అధికారి అర్జీ చదివి డీఈఓకి రాస్తారు. అక్కణ్నుంచి ఎంఈఓకి, ఎంఈఓ నుంచి హెడ్మాస్టరుకి కాగితం దిగుతుంది. హెడ్మాస్టరు ఓ వారం పది రోజులు సర్దుకుంటారు. అర్జీ పరిష్కారమైందని ఆమె ఫోనుకి మెసేజ్ వస్తుంది. దసరా సెలవుల తర్వాత మళ్లీ కథ మొదటికి.

అదే క్యూలో, పది మంది వెనకాల, ఇంకో మండలం నుంచి ఇదే ఫిర్యాదుతో ఇంకో తండ్రి ఉంటాడు. ఒకరికొకరు తెలియదు. కంప్యూటర్లో ఇద్దరివీ రెండు వేర్వేరు నంబర్లు. ప్రభుత్వానికి ఇది చాలా సౌకర్యం. ఒక్కొక్కరిగా వచ్చినవాళ్లకి ఒక్కొక్క మినహాయింపు ఇచ్చి పంపొచ్చు, పద్ధతి మార్చాల్సిన పని లేదు. తెలంగాణలో ప్రజావాణి అయినా, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అయినా నడిచే తీరు ఇంతే. ఇందులో అధికారుల చెడ్డతనం ఉందనుకోనక్కర్లేదు. అర్జీ అనేదాని స్వభావమే అది.

మరి చట్టం లేదా అంటే, ఉంది. ఒకటి కాదు, రెండు. 2009 విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించి వైకల్యమున్న పిల్లల్ని స్పష్టంగా దాని కిందికి తెచ్చారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకా ముందుకెళ్లింది. 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకి 6 ఏళ్ల నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య, అదీ పక్క బడిలోనా ప్రత్యేక పాఠశాలలోనా అన్నది వాళ్ల ఇష్టం అని 31వ సెక్షన్ చెబుతోంది. నోట్ల రద్దు గొడవలో పార్లమెంటు దాదాపు సాగని 2016 శీతాకాల సమావేశాల్లో అన్ని పార్టీలూ కలిసి పాస్ చేసిన కొద్ది బిల్లుల్లో ఇదొకటి. 1995 నాటి పాత చట్టంలో ఏడే వైకల్యాలుండేవి. ఆటిజం గానీ, డిస్లెక్సియాలాంటి నేర్చుకునే ఇబ్బందులు గానీ ఆ జాబితాలో లేవు. కొత్త చట్టంలో జాబితా 21కి పెరిగింది.

ఇన్ని ఉన్నా ఆ పిల్లాడు మధ్యాహ్నానికే ఇంటికి ఎందుకొస్తున్నాడు? జవాబు కోసం చట్టాన్ని మాటమాటా చదవాలి. తల్లిదండ్రుల సంఘాలు మామూలుగా చేయని పని ఇదే.

16వ సెక్షన్ చూడండి. తాము నిధులిచ్చే, తాము గుర్తించిన విద్యాసంస్థలన్నీ వికలాంగ పిల్లలకి అందరితో కలిపి చదువు చెప్పేలా ప్రభుత్వాలు 'ప్రయత్నించాలి' అంటుంది. ఇవ్వాలి వేరు, ఇచ్చేందుకు ప్రయత్నించాలి వేరు. ప్రయత్నించామని చెప్పడానికి ఒక సర్క్యులర్ చాలు. 17వ సెక్షన్ ప్రత్యేక శిక్షణ ఉన్న టీచర్లని నియమించాలంటుంది. మంచిదే, కానీ ఎంతమందిని? అంకె లేదు. అదే సెక్షన్ బడి ఈడు పిల్లల్లో వైకల్యాలు గుర్తించే సర్వే అయిదేళ్లకోసారి జరగాలని, మొదటిది చట్టం అమల్లోకొచ్చిన రెండేళ్లలోపు చేయాలని చెబుతుంది. ఇక్కడ గడువు ఉంది, కానీ గడువు దాటితే ఏ అధికారి జవాబు చెప్పాలో ఆ సెక్షన్లో లేదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి గరిష్ఠంగా 10,000 రూపాయల జరిమానా అని 89వ సెక్షన్ అంటుంది. కార్పొరేట్ స్కూళ్లలో అది ఒక పిల్లాడి టర్మ్ ఫీజు కూడా కాదు.

కాబట్టి బలమైన చట్టం కావాలని అడిగేటప్పుడు అసలు అడగాల్సినవి నాలుగు: తప్పనిసరి చేసే మాట, అంకె, గడువు, జవాబు చెప్పాల్సిన మనిషి. వీటిలో ఎక్కువ భాగం చట్టంలో ఉండవు. చట్టం కింద వచ్చే నిబంధనల్లో, జీవోల్లో, పోస్టుల మంజూరు ఫైళ్లలో ఉంటాయి. అక్కడ ఒక్క మాట జారితే చట్టమే జారిపోతుంది. దీనికి సాక్ష్యం బడి బయటే ఉంది. భవనాలు, రవాణా వికలాంగులకి అందుబాటులో ఉండాలని 2016 చట్టం గట్టిగానే చెప్పింది. దాని కింద కేంద్రం రాసిన 15వ నిబంధన మాత్రం ఆ ప్రమాణాల్ని సలహాల స్థాయికి దించేసింది. ఆ నిబంధన చట్టానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో కొట్టేసి, మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలు రాయమంది. చట్టం 2017లో అమల్లోకొచ్చింది. అంటే మధ్యలో ఏడేళ్లు ఒక్క నిబంధన పాలు.

ఈ విషయంలో అమెరికా అనుభవం చూడాలి. అక్కడంతా బాగుందని చెప్పడానికి కాదు. గెలిచిందీ తల్లిదండ్రులే, గెలిచాక నిద్రపోయి నష్టపోయిందీ వాళ్లే.

1970ల మొదలు దాకా పెన్సిల్వేనియా రాష్ట్రంలో అయిదేళ్ల మానసిక వయసు రాని పిల్లల్ని బడిలోకి తీసుకోకుండా ఉండొచ్చని చట్టమే అనుమతించేది. మేధో వైకల్యమున్న పిల్లల తల్లిదండ్రుల సంఘం ఒకటి 1971లో దాని మీద కోర్టుకెళ్లింది. ఒక్క తల్లి ఒక్క పిల్లాడి కోసం వెళ్లలేదు. రాష్ట్రంలో అలాంటి పిల్లలందరి తరఫునా వెళ్లారు. రాష్ట్రం రాజీకొచ్చి అందరికీ చదువు చెబుతామని ఒప్పుకుంది. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో మిల్స్ కేసులో డబ్బుల్లేవన్న సాకు చెల్లదని కోర్టు తేల్చింది. డబ్బు తక్కువైతే ఆ లోటు అందరూ పంచుకోవాలి గానీ వైకల్యమున్న పిల్లలే మొత్తం భరించకూడదన్నది ఆ తీర్పు సారం. ఈ రెండూ పునాదిగా 1975 నవంబరు 29న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో జాతీయ చట్టం వచ్చింది. పది లక్షల మంది పిల్లలు బడికి పూర్తిగా బయటే ఉన్నారని ఆ చట్టం తనలోనే రాసుకుంది. సమస్య ఎంతుందో ముందు అంకెలో ఒప్పుకుని, ఆ తర్వాత పరిష్కారం రాసింది.

ఆ చట్టంలో అసలు బలం ఐఈపీ. ప్రతి పిల్లకీ విడిగా రాసే చదువు ప్రణాళిక అది. ఈ ఏడాది ఏం నేర్పుతారు, వారానికి ఎన్ని నిమిషాల స్పీచ్ థెరపీ, ఎవరు ఇస్తారు, అన్నీ అందులో ఉంటాయి. రాసే మీటింగులో తల్లిదండ్రులు సభ్యులు. ఒప్పుకోకపోతే విచారణ అధికారి ముందుకు వెళ్లే హక్కుంది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండే తెలుగు కుటుంబాలకి ఈ మీటింగులు కొత్త కాదు. ఇక్కణ్నుంచి వెళ్లిన కొత్తలో స్కూలువాళ్లు 'మీరేమంటారు' అని అడిగితే బిత్తరపోవడం మామూలే. ఇక్కడ అలా అడిగిన బడి వాళ్లకి ఎప్పుడూ ఎదురుపడి ఉండదు.

అంత చట్టమున్నా టెక్సస్‌లో ఏం జరిగిందో చూడండి. 2004లో రాష్ట్ర విద్యాశాఖ తన పర్యవేక్షణ పట్టికలో ఒక సూచిక పెట్టింది. జిల్లాలో స్పెషల్ ఎడ్యుకేషన్ తీసుకునే పిల్లలు 8.5 శాతం దాటకపోతే మంచి మార్కు. చట్టం మారలేదు, శాసనసభలో చర్చ లేదు, జనానికి తెలియనే తెలియదు. బడులు మాత్రం అర్థం చేసుకున్నాయి. అప్పటికి 12 శాతానికి దగ్గరగా ఉన్న పిల్లల సంఖ్య ఏటా తగ్గుతూ వచ్చి సరిగ్గా ఆ 8.5 దగ్గర ఆగింది. మా పిల్లాడికి ఎందుకివ్వరని ఎవరికి వారు అడిగి, ఎవరికి వారు తమ ఖర్మ అనుకున్నారు. 2016లో హ్యూస్టన్‌లోని ఒక దినపత్రిక ఆ పట్టిక బయటపెట్టాకే అది తమ ఒక్కరి గొడవ కాదని వాళ్లకి తెలిసింది. 2017లో శాసనసభ అలాంటి పరిమితుల్నే నిషేధించింది. ఒక ఎక్సెల్ షీటులోని గడి పన్నెండేళ్లపాటు దేశ చట్టాన్ని ఓడించింది.

ఇక మన దగ్గరికి వద్దాం. మన దగ్గర కూడా చట్టాన్ని తెచ్చినవాళ్లలో తల్లిదండ్రులున్నారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న కూతురి కోసం మిథూ ఆలూర్ 1972లో ముంబైలో స్పాస్టిక్స్ సొసైటీ మొదలుపెట్టారు. ఆటిజం ఉన్న కొడుకు తల్లి మెర్రీ బరువా ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం నడిపారు. 1995 చట్టంలో పేరే లేని ఆటిజం, నాలుగేళ్లు తిరక్కుండా, ఆటిజం, మేధో వైకల్యంలాంటివి ఉన్నవాళ్ల సంక్షేమం కోసం వచ్చిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి ఎక్కిందంటే వెనక తల్లిదండ్రుల సంఘాల పట్టుదల ఉంది. ఆ చట్టం ట్రస్టు బోర్డులో మూడు స్థానాల్ని తల్లిదండ్రుల సంఘాలకే కేటాయించింది.

అయితే ఇటీవల స్పెషల్ ఎడ్యుకేషన్లో వచ్చిన పెద్ద తీర్పు తల్లిదండ్రులు తెచ్చింది కాదు, ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు తెచ్చుకున్నది. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు, చట్టంలో లేని అంకెని తానే ఇచ్చింది. ప్రాథమిక తరగతుల్లో పది మంది ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఒక స్పెషల్ టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. తర్వాత కేంద్రం ఆ నిష్పత్తిని నోటిఫై చేసింది. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చి 7న కోర్టు మళ్లీ కోప్పడి, పోస్టుల సంఖ్యని మూడు వారాల్లో ప్రకటించమంది. ఆ ఏప్రిల్లోనే ఆంధ్రప్రదేశ్ 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు పోస్టులు సృష్టించింది. తెలంగాణ అంతకుముందే, 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో 1,016 వీళ్లకిచ్చింది: 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 ఎస్జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు).

ఇది చిన్న విజయం కాదు. అంకె దొరికింది, గడువు దొరికింది. కానీ కేసు వేసింది టీచర్లు కాబట్టి చర్చంతా ప్రధానంగా నిష్పత్తి, పోస్టులు, అర్హతలు, కాంట్రాక్టువాళ్ల సంగతి చుట్టూ తిరిగింది. ఆ టీచరు వచ్చాక మన పిల్లకి వారంలో ఎన్ని గంటలు దక్కుతాయి, ఏం నేర్పుతున్నారో ఇంటికి కాగితం వస్తుందా, రాకపోతే ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలు తల్లిదండ్రులకే వస్తాయి. వాళ్లు కోర్టులో లేరు. ఐఈపీ రాయడం మన దగ్గరా ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఐఈఆర్పీలు, అంటే ఈ పిల్లల కోసం పెట్టిన రిసోర్స్ టీచర్లు, రాస్తారు. కానీ దాన్ని తల్లిదండ్రులతో కలిసి రాయాలని, ఒప్పుకోకపోతే ఫలానా చోట అప్పీలు చేసుకోవచ్చని 2016 చట్టంలో ఎక్కడా లేదు. రాష్ట్ర నిబంధనల్లో చేర్పించగలిగే మార్పు ఇది. పార్లమెంటు దాకా పోనవసరం లేదు. చట్టం 101వ సెక్షన్ కింద నిబంధనలు రాసుకునే అధికారం రాష్ట్రానికుంది. ఒక కోర్కె మాత్రమే ఎంచుకోవాల్సివస్తే దీన్నే ఎంచుకోవడం మంచిది.

అడగడానికి ముందు లెక్క కావాలి. ఒక మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు 120 మంది అనుకుందాం. ప్రాథమిక తరగతుల్లో 80, పైన 40. కోర్టు చెప్పిన నిష్పత్తి ప్రకారం కింద ఎనిమిది మంది టీచర్లు, పైన ముగ్గురు, మొత్తం పదకొండు. ఉన్నది ఇద్దరు ఐఈఆర్పీలే అయితే లోటు తొమ్మిది. 'మా బాబుని పట్టించుకోవట్లేదు' అన్న అర్జీకి, 'మా మండలానికి చట్టప్రకారం తొమ్మిది మంది టీచర్లు బాకీ' అన్న కాగితానికి చాలా తేడా ఉంది. మొదటిదాన్ని హెడ్మాస్టరుకి పంపి చేతులు దులుపుకోవచ్చు. రెండోదాన్ని ఆయనకి పంపలేరు, పోస్టులు మంజూరు చేయడం ఆయన చేతిలో లేదు కాబట్టి. కాగితం పైకే పోవాలి.

ఆ లెక్క సమాచార హక్కు కింద వస్తుంది. దరఖాస్తులో బాధ రాయకూడదు, ప్రశ్నలే రాయాలి. ఎందుకు చేయలేదు అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారమే. ఇలా రాస్తే వస్తుంది: 'గత యూడైస్ (బడుల వార్షిక గణాంకాలు) లెక్క ప్రకారం ఈ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు తరగతివారీగా ఎందరు? మంజూరైన స్పెషల్ ఎడ్యుకేటర్ పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని? సమగ్ర శిక్ష (బడి చదువుల కేంద్ర పథకం) కింద ఈ పిల్లల కోసం వచ్చిన డబ్బు ఎంత, ఖర్చయింది ఎంత? భవిత కేంద్రం గత ఏడాది ఎన్ని రోజులు తెరిచి ఉంది, హాజరు రిజిస్టరు నకలు ఇవ్వండి.' మండల స్థాయిలో ఫీజు అయిదు రూపాయలు, పై ఆఫీసుల్లో పది. గడువు 30 రోజులు. సమగ్ర శిక్షలో ఒక్కో పిల్లకి ఏడాదికి 3,500 రూపాయల దాకా కేంద్ర నిబంధనల్లో ఉంది కాబట్టి, పిల్లల సంఖ్య తెలిస్తే డబ్బు లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

ఈ కాగితం పట్టుకుని వెళ్లాల్సిన చోట్లలో ఎక్కువమంది మరిచిపోయేది రాష్ట్ర వికలాంగుల కమిషనర్ కార్యాలయం. అది సంక్షేమ శాఖ కౌంటర్ కాదు. సాక్షుల్ని పిలిపించి, రికార్డులు తెప్పించే విషయంలో కమిషనర్‌కి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆయన సిఫారసు చేస్తే సంబంధిత శాఖ మూడు నెలల్లో ఏం చేసిందో చెప్పాలి. ఒప్పుకోకపోతే కారణం రాతలో ఇవ్వాలి, ఫిర్యాదు చేసినవాళ్లకీ ఆ సంగతి తెలియజేయాలి. 81వ సెక్షన్ ఇది. కారణాలు రాసిన ఆ కాగితమే రేపు హైకోర్టుకి వెళ్లాల్సివస్తే పెద్ద ఆధారం. వైకల్య విషయాల రాష్ట్ర సలహా మండలి ఆరు నెలలకోసారైనా సమావేశం కావాలని కూడా చట్టం చెబుతోంది. చివరి సమావేశం ఎప్పుడు జరిగింది, మినిట్స్ ఏవి అన్నది ఇంకో సమాచార దరఖాస్తు.

కింద బడి స్థాయిలో ఎస్ఎంసీ, అంటే విద్యాహక్కు చట్టం కింద పాఠశాల యాజమాన్య కమిటీ, ఉంది. నాలుగింట మూడొంతుల మంది సభ్యులు తల్లిదండ్రులే ఉండాలి, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి దామాషా ప్రకారం చోటుండాలి. 2012 సవరణ తర్వాత వైకల్యమున్న పిల్లలూ ఆ వర్గంలోకే వస్తారు. కమిటీ రాసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికే నిధులకి ఆధారం కావాలని చట్టం అంటుంది. అందులో ర్యాంపు, కమోడ్ ఉన్న బాత్రూము, స్పెషల్ టీచరు అని రాయించకపోతే పైన అడిగినప్పుడు 'కింద నుంచి డిమాండ్ రాలేదు' అంటారు.

కొత్తది సాధించడమే కాదు, ఉన్నది పోకుండా కాపలా కాయడం కూడా చట్టం కోసం చేసే పనే. 2020 జులైలో, కోవిడ్ మధ్యలో, వికలాంగుల చట్టంలోని కొన్ని నేరాల్ని రాజీ చేసుకోదగ్గవిగా మార్చాలని కేంద్రం ప్రతిపాదించింది. పైన చెప్పిన 89వ సెక్షన్ కూడా అందులో ఉంది. అభిప్రాయాలు చెప్పడానికి ఇచ్చింది పది రోజులు. దేశంలోని చాలా వికలాంగుల సంఘాలు ఒక్కసారిగా వ్యతిరేకిస్తే ప్రతిపాదన వెనక్కి పోయింది. ముసాయిదా చట్టాల్ని కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని కేంద్రమే 2014లో నిర్ణయించుకుంది. ఆ మాట గుర్తుచేయాలన్నా నోటీసు వచ్చిన రోజే చూసేవాళ్లు సంఘంలో ఒకరుండాలి. వాట్సాప్ గ్రూపుల్లో గుడ్ మార్నింగులు పెట్టేవాళ్లలో ఒకరికి ఈ పని అప్పగించొచ్చు.

ఇక సంఘం కట్టడమే అన్నిటికన్నా కష్టం. దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. ఆటిజం పిల్లల తల్లిదండ్రులు క్లాసులో షాడో టీచరు (పిల్లాడి పక్కనే ఉండి సాయం చేసే టీచరు) కావాలంటారు. వినికిడి లేని పిల్లలవాళ్లు సైగల భాష తెలిసిన టీచరు అంటారు. తీవ్ర వైకల్యమున్న పిల్లలవాళ్లకి ప్రత్యేక పాఠశాలలు మూసేస్తారేమోనని టెన్షన్. అధికారులకి ఈ తేడాలు బాగా తెలుసు, ఒకరి కోర్కెని ఇంకొకరికి అడ్డం వేయగలరు. పెద్దవాళ్లయిన వికలాంగుల సంఘాలతోనూ పేచీ ఉంది. మా గురించి మా అమ్మానాన్నలు ఎందుకు మాట్లాడాలి అన్నది వాళ్ల ప్రశ్న. నేషనల్ ట్రస్ట్ చట్టంలోని గార్డియన్‌షిప్, అంటే పెద్దయిన వికలాంగుల తరఫున సంరక్షకుల్ని నియమించే పద్ధతి, మీద ఈ వాదన ఇంకా తెగలేదు. వాళ్ల ప్రశ్నలో న్యాయముంది. మేధో వైకల్యమున్న ఇరవై అయిదేళ్ల మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అతని తరఫున మాట్లాడటం అలవాటైపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. కాబట్టి శాఖల దగ్గరికి వెళ్లే ప్రతినిధి బృందంలో బడి అనుభవం చెప్పగల వికలాంగ యువతీయువకులు ఒకరిద్దరు ఉంటే మాట తీరే మారుతుంది.

దీనికి తోడు దాచుకోవడం. ఆడపిల్లకి సంబంధాలు చూస్తున్న ఇంట్లో తమ్ముడి సంగతి బయటికి రానివ్వరు. 'కాస్త మాటలు ఆలస్యం, అంతే' అంటారు. 2011 జనగణనలో దేశం మొత్తమ్మీద వికలాంగులు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం అని తేలింది. అందులో ఆటిజానికి విడిగా గడే లేదు. యూడైస్‌లో పేరెక్కని పిల్లకి పదిమందికి ఒకరు అన్న నిష్పత్తి వర్తించదు, 3,500 రూపాయలూ రావు. 2027 జనగణనలో ఇంటికొచ్చిన ఎన్యుమరేటర్‌కి వైకల్యం గురించి ఉన్నదున్నట్టు చెప్పించడానికి కాలనీలో పది ఇళ్లు తిరగడం, కలెక్టరేట్ ముందు ఒక రోజు ధర్నాకి తక్కువ పనేమీ కాదు.

టైము సంగతి కూడా తెలిసుండాలి. రాష్ట్ర బడ్జెట్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో సభకొస్తుంది గానీ శాఖల నుంచి ప్రతిపాదనలు ఆర్థిక శాఖకి చేరేది అంతకు కొన్ని నెలల ముందే. మండలాలవారీ లోటు లెక్క, కావాల్సిన నిబంధన ముసాయిదా, రెండూ జతచేసిన వినతిపత్రం అక్టోబరుకల్లా పాఠశాల విద్యాశాఖ కమిషనర్ ఆఫీసు ఇన్‌వర్డ్‌లో పడాలి. దాని నకలు స్థానిక ఎమ్మెల్యేకి, టీచర్ల నియోజకవర్గం ఎమ్మెల్సీకి ఇవ్వాలి. సభలో ప్రశ్న వేయడానికి ఆ ఎమ్మెల్సీకి కావాల్సింది మండలం పేరు, అంకె, జీవో నంబరు. వాటితోపాటు ఇన్‌వర్డ్ నంబరు వేసిన రసీదు జిరాక్సు కూడా జతచేస్తే, శాఖ నుంచి 'మా దృష్టికి రాలేదు' అన్న జవాబు రాదు.